వెల్లకిలా పెట్టిన మూత: వదినా మరిదీ వాదన

(గిన్నె, మూత, మంచుగడ్డలు ఉంటే డిస్టిల్డ్ వాటర్ ఇంట్లోనే చేసుకోవచ్చని వదిన అంటుంది. ఉత్త గ్యాసు దండగ అని మరిది.)

మరిది: నీళ్లు కాచి ఆవిరి చేస్తావు, ఆ ఆవిరిని మళ్లీ నీళ్లే చేస్తావు. ఏం సాధించినట్టు వదినా?

వదిన: ఉప్పు, సున్నం, ఫ్లోరైడు, నైట్రేటు అడుగునే ఉండిపోయాయిగా. ఊరికే కాస్తే అవి పోవు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఆవిరితో పైకి లేవలేవు.

మరిది: లెక్క వింటావా? లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 314 కిలోజౌళ్లు. అక్కణ్ణుంచి ఆవిరి చేయడానికి ఇంకో 2,257. కరెంటు పొయ్యి మీదైతే నష్టాలతో కలిపి లీటరుకు దగ్గర దగ్గర ఒక యూనిట్. రోజుకు పది లీటర్ల తాగునీటికి పది యూనిట్లు! ఆర్వో ఫిల్టరు అందులో పిసరంత కరెంటుతో ఆ ఉప్పుల్లో చాలావరకు తీసేస్తుంది.

వదిన: అది నిజం. ఇంటిల్లిపాదీ తాగడానికి ఈ పద్ధతి దండగే. నేననేది బ్యాటరీలో పోసే నీళ్లు, ఆవిరి ఇస్త్రీపెట్టెలో పోసే నీళ్లు. వారానికి లీటరో, రెండో.

మరిది: ఆ మాత్రానికి కుక్కరు చాలదూ? వెయిట్ తీసేసి, ఆ గొట్టానికి రాగి పైపు తగిలించి, బకెట్ నీళ్లలో చుట్టలా ముంచితే సరి.

వదిన: అదొక్కటీ చేయకు. పైపు ఎక్కడ మడతపడ్డా, సున్నం పెచ్చు అడ్డం పడ్డా లోపల ఒత్తిడి పెరిగిపోతుంది, ఇక సేఫ్టీ వాల్వే దిక్కు. రబ్బరు గొట్టమైతే వేడికి మెత్తబడి నీళ్లకు వాసన పట్టిస్తుంది. రాగి మాటకొస్తే, అప్పుడే దిగిన నీటిలో ఏ ఖనిజమూ ఉండదు కాబట్టి అది తగిలిన లోహాన్ని కొంచెం కొంచెం కరిగించుకుంటుంది. టంకం వేసిన అతుకైతే సీసం కూడా రావచ్చు. గిన్నె మీద మూతకు ఆ గొడవ లేదు, ఒత్తిడి పెరిగితే అదే లేస్తుంది.

మరిది: సరే, నీ గిన్నె సంగతేంటి మరి?

వదిన: పది లీటర్ల స్టీలు గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు పొయ్యి. అల్యూమినియం వద్దు. మూత లేకుండా పది నిమిషాలు మరగనిస్తే క్లోరిన్ లాంటివి చాలావరకు ఎగిరిపోతాయి. మంట ఆర్పి, మధ్యలో స్టాండు పెట్టి దాని మీద స్టీలు బేసిన్ కూర్చోబెట్టు. బేసిన్ అంచు నీటికి రెండు వేళ్ల పైన ఉండాలి. స్టాండు లేకపోతే బేసిన్ తేలి ఒరుగుతుంది, పడ్డ నీళ్లన్నీ మళ్లీ గిన్నెలోకే. తర్వాత డొప్పలాంటి మూతను వెల్లకిలా పెట్టు, పిడి సరిగ్గా బేసిన్ నడిమికి వేలాడేట్టు. మళ్లీ మంట వెలిగించు, సన్నగా. తెర్లితే తుంపర్లు బేసిన్‌లో పడతాయి, ఉప్పు మళ్లీ వచ్చినట్టే. మొదటి పావు కప్పు పారబొయ్యి. అడుగున ముప్పావు లీటరు మిగలగానే ఆపెయ్యి, అంతకు మించి ఇగిరిస్తే అడుగున సున్నం కరుడు కడుతుంది.

మరిది: మరి మూత మీద పోసే మంచు?

వదిన: అసలు కష్టం అక్కడే. అందరూ మంట పెంచుతారు. కానీ లోపలికి పోసిన ఆ 2,257 కిలోజౌళ్లనూ మూత పైనుంచి లాగేస్తేనే చుక్క రాలుతుంది. లేకపోతే ఆవిరి పక్కసందుల్లోంచి పోతుంది, వంటిల్లంతా చెమ్మ, బేసిన్‌లో అరగ్లాసు. లీటరు దించడానికి మంచుగడ్డలు నాలుగు కిలోల పైనే కావాలి. మంచు లేకపోతే మూతలో చన్నీళ్లు పోసి, వేడెక్కగానే మగ్గుతో తోడి మార్చాలి.

మరిది: 25 డిగ్రీల నీళ్లను 60 దాకా వేడెక్కనిచ్చి మారుస్తావనుకో, లీటరుకు పదిహేను లీటర్లు పోయాలి! ఆర్వో నీళ్లు వృథా చేస్తుందని మీరే తిడతారుగా?

వదిన: ఇవి మురికినీళ్లు కావుగా. గిన్నెలు తోముకో. లేదా తర్వాతి వాయికి ఆ వేడినీళ్లే పొయ్యి, గ్యాసు కొంచెం కలిసొస్తుంది.

మరిది: పెట్రోలు వాసనొచ్చే బోరునీళ్లో?

వదిన: గట్టిగా పట్టుకున్నావే! అలాంటివి ఆవిరితోపాటే వచ్చేస్తాయి. క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరుగుతుంది, బెంజీన్ 80కి. వాసన ఉన్న నీళ్లకు ఈ పద్ధతి పనికిరాదు.

మరిది: మరి వచ్చిన నీళ్లు బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

వదిన: టీడీఎస్ మీటరు ముంచు, నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో అది చూపిస్తుంది. 5 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 5, లోపుంటే సీసాలో పోసి బిగించు. 10 దాటితే బ్యాటరీకి వద్దు, తుంపర్లు పడ్డట్టే లెక్క. మూతకు చిల్లుంటే పై నీళ్లు దిగినా అంతే. నీ చేతిలో గాజుమూత ఉంది చూడు, ఆవిరి పోవడానికి పక్కన చిన్న కన్నం. దాంతో చేస్తే బేసిన్ తొందరగానే నిండుతుందిలే, మంచు కరిగిన నీళ్లతో.