‘ఎవరిని అడిగి నరుకుతున్నావు?’ : ఒట్టావా లోయలో ఒక కలప వ్యాపారి

1800 వసంతకాలం. కెనడాలో ఒట్టావా నది ఒడ్డున గొడ్డళ్ల చప్పుడు మొదలైంది. అక్కడికి దగ్గర్లోనే ఆల్గాంక్విన్ ప్రజలు మేపుల్ చెట్లకు గాటు పెట్టి, కారిన నీటిని కాచి చక్కెర వండుకుంటున్నారు. మనవాళ్లు ఈతనీరా కాచి బెల్లం చేసినట్టే. చెట్లు కూలుతున్న చప్పుడు విని చూడ్డానికొచ్చారు. మొదట్లో అంతా స్నేహమే. చక్కెర, జింక మాంసం ఇచ్చి చిన్నా చితకా సామాన్లు తీసుకెళ్లారు. కొన్నాళ్లకు ఇద్దరు పెద్దమనుషులు దుబాసీని వెంటబెట్టుకుని వచ్చి ఒక్క ప్రశ్న వేశారు: ఎవరిని అడిగి మా చెట్లు కొడుతున్నావు?

ఆ ప్రశ్న వేయించుకున్న మనిషి పేరు ఫిలెమన్ రైట్. సముద్రం అవతలున్న మహారాజు ఇచ్చిన అధికారంతో, లాషీన్‌లో ఉండే సర్ జాన్ జాన్సన్‌కు తెలిసే కొడుతున్నానని ఆయన జవాబిచ్చాడు. జాన్సన్ ఆదివాసీ వ్యవహారాలు చూసే పెద్ద అధికారి. ఏటా తెగలకు కానుకలు పంచేది ఆయన శాఖే. వచ్చినవాళ్లకు ఈ జవాబు నచ్చలేదు. ఇది మేం వేటాడుకునే చోటు, చేపలు పట్టుకునే చోటు, చక్కెర వండుకునే చోటు, మీరొస్తే జంతువులు పారిపోతాయి అన్నారు. చివరికి 30 డాలర్లిస్తే వదులుకుంటామని బేరం పెట్టారు. మీరిచ్చే పట్టా చెల్లదు కదా అన్నాడు రైట్. వాళ్లు వెళ్లి అధికారులను అడిగారు. కానుకలు తీసుకుంటున్నారు కాబట్టి ఆ నేల మీద మీకు హక్కు లేదని అక్కడ చెప్పారట. తిరిగొచ్చి రైట్‌ను తమలో ఒక పెద్దగా చేర్చుకుని, కలిసి భోజనం చేసి వెళ్లారు.

ఈ ముచ్చటంతా మనకు తెలిసింది రైట్ రాసుకున్న కథనం నుంచే. రెండు దశాబ్దాల తర్వాత దిగువ కెనడా (ఇప్పటి క్యుబెక్ ప్రాంతం) శాసనసభ ముందు పెట్టడానికి ఆయన ఆ కథనం రాశాడు. అప్పటికి ఆయన పెద్ద భూస్వామి, పెద్ద వ్యాపారి. కాబట్టి చివర్లోని విందు సన్నివేశాన్ని కాస్త అనుమానంగానే చదవాలి. ప్రశ్నను మాత్రం అనుమానించక్కర్లేదు. తనకు ఇబ్బందిగా ఉండే ప్రశ్నను ఎవడూ పనిగట్టుకుని కల్పించి రాసుకోడు. నా మటుకు నాకు రైట్ జీవితమంతా ఆ ఒక్క ప్రశ్నకు కాగితాలు సమకూర్చుకోవడంలోనే గడిచినట్టు అనిపిస్తుంది.

రైట్ 1760లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, వూబర్న్ అనే ఊళ్లో పుట్టాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు బ్రిటిష్ రాజు మీద తిరుగుబాటు చేసిన సేనలో పోరాడాడు. నలభై ఏళ్లు వచ్చేసరికి అదే రాజుకు విధేయుడినని ప్రమాణం చేసి కెనడాలో భూమి అడిగాడు. దీన్ని ద్రోహమనో అవకాశవాదమనో తేల్చేయడం తేలికే. కానీ ఆ రోజుల్లో న్యూ ఇంగ్లండ్ రైతులు చాలామంది చేసిన పనే ఇది. అక్కడ పొలాలు అన్నదమ్ముల పంపకాల్లో చిన్నవైపోయాయి. ఉత్తరాన రాజుగారి భూమి ఉచితంగా దొరుకుతోంది.

ఉచితం అంటే ఎలా ఉచితం? ఇక్కడే అసలు కిటుకుంది. అప్పటి పద్ధతిలో ఒక ‘నాయకుడు’ కొంతమంది ‘సహచరుల’ను పోగుచేసుకుని ఒక టౌన్‌షిప్‌కు, అంటే సర్వే చేసి విడదీసిన పెద్ద భూభాగానికి, దరఖాస్తు పెడతాడు. ఒక్కొక్కరికీ 1,200 ఎకరాలు మంజూరవుతుంది. సహచరుడు తనకొచ్చిన దాంట్లో 1,000 ఎకరాలు నాయకుడికి తిరిగి రాసిస్తాడు. సర్వే ఖర్చులు, దారి ఖర్చులు నాయకుడు భరించినందుకు అది ప్రతిఫలం. లెక్క చూస్తే అందరికీ సమానంగా పంచినట్టే ఉంటుంది, భూమి మాత్రం ఒక్కరి చేతికే చేరుతుంది. బినామీ అనే మాట మనకు కొత్తేం కాదు కదా! తేడా ఏమిటంటే అక్కడ అది బహిరంగంగానే జరిగింది. రైట్ మకాం వేసిన హల్ టౌన్‌షిప్‌లో నాలుగో వంతుకు రైట్ బృందానికి పట్టా వచ్చింది 1806 జనవరిలో. చెట్లు కొట్టడం మొదలైంది 1800లో.

ఆయన తెగువను తక్కువ చేయలేం. ముందు స్వయంగా వెళ్లి, వందకు పైగా చెట్లెక్కి ఆ ప్రాంతాన్ని పరికించి వచ్చాడు. 1800 ఫిబ్రవరిలో 25 మంది కూలీలు, ఐదు కుటుంబాలు, 14 గుర్రాలు, 8 ఎద్దులు, 7 స్లెడ్జి బళ్లతో బయల్దేరాడు. మాంట్రియల్ దాటాక కొంత దూరానికి దారే లేదు. గడ్డకట్టిన నది మీదే ప్రయాణం. మంచు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో ఆ గుంపులో ఒక్కరికీ తెలియదు. దారిలో ఒక ఆదివాసీ జంట ఎదురైంది, బిడ్డను చెట్టుబెరడు బండి మీద లాక్కెళుతున్నారు. భర్త భార్యాబిడ్డలను అడవిలోకి పంపేసి, గొడ్డలితో మంచు మందం చూసుకుంటూ రోజుల తరబడి ముందు నడిచి ఈ గుంపును ఒట్టావా నది మీది షోడియేర్ జలపాతం దాకా చేర్చాడు. ఆ మనిషి పేరును రైట్ రాయలేదు. ఎద్దుల సంఖ్య మాత్రం రాశాడు.

రైట్ వచ్చింది కలప వ్యాపారం కోసం కాదన్న సంగతి చాలామంది మర్చిపోతారు. ఆయన కల వ్యవసాయం. గోధుమలు వేశాడు. ఓడల తాళ్లకు పనికొస్తుందని జనుము లాంటి హెంప్ పండించాడు. పంట బాగానే వచ్చింది గానీ కూలి గిట్టుబాటు కాలేదు. రంపపు మిల్లు, పిండి మిల్లు, తోళ్ల కార్ఖానా అన్నీ కట్టాడు. అడవి మధ్యలో ఊరు తయారైంది, కొనేవాడు లేడు. ఆరేడేళ్లకు తెచ్చుకున్న సొమ్మంతా అయిపోయింది. బయటి నుంచి తెచ్చుకునే సరుకుకు బదులుగా బయటికి ఏదో ఒకటి పంపాలి. పంపడానికి ఉన్నది చెట్లే. అంటే అడవి ఆయనకు ఆఖరి దిక్కు.

1806 జూన్ 11న ఒట్టావా నదిలో గాటినో నది కలిసే చోటు నుంచి ‘కొలంబో’ అనే కలప తెప్ప కదిలింది. 700 చెక్కిన దూలాలు, 900 పలకలు, 9,000 పీపా చెక్కలు. తెప్ప మీద రైట్, ఆయన కొడుకు టైబీరియస్, మరో ముగ్గురు. ఆ ముగ్గురిలో లండన్ ఆక్స్‌ఫర్డ్ అనే నల్లజాతీయుడు ఒకడు. ఊరి పుట్టుక కథలు చెప్పుకునేటప్పుడు ఈ పేరు ఎక్కువగా వినపడదు. మాంట్రియల్ దగ్గర మామూలు దారి వదిలేసి ద్వీపం ఉత్తరం వైపు పాయలోంచి తెప్పను తీసుకెళ్లాలనుకున్నాడు రైట్. ఆ ఒడ్డున తరతరాలుగా ఉంటున్న ఫ్రెంచివాళ్లు కుదరదు పొమ్మన్నారు. మాంట్రియల్ చేరడానికే 35 రోజులు పట్టింది. సుడుల్లో తెప్ప విడిపోవడం, దుంగలు ఏరుకొచ్చి మళ్లీ కట్టడం, ఇదే పని. క్యుబెక్ రేవు చేరేసరికి ఆగస్టు 12. సరుకు అందించే ఒప్పందం గడువు జులైతోనే దాటిపోయింది. సరుకు ఒడ్డున, కొనాల్సినవాడు వెనక్కి. రైట్ నెలల తరబడి అక్కడే పడిగాపులు కాశాడు.

ఆయన్ను గట్టెక్కించినవాడు నెపోలియన్. 1806 నవంబరులో బెర్లిన్ నుంచి నెపోలియన్ ఆజ్ఞ జారీ అయింది: ఐరోపా రేవుల్లో బ్రిటన్‌తో వ్యాపారం బంద్. బ్రిటిష్ నౌకాదళానికి తెరచాప స్తంభాలు, దూలాలు ఎక్కువగా బాల్టిక్ తీరం నుంచి వచ్చేవి. ఆ దారి ఇరుకైపోయేసరికి లండన్ చూపు కెనడా పైన్ మీద పడింది. ఆ తర్వాత బాల్టిక్ కలప మీద సుంకాలు పెంచారు. యుద్ధం అయిపోయినా ఆ సుంకాలు పోలేదు. 1821 చట్టం ప్రకారం 50 ఘనపుటడుగుల లోడుకు విదేశీ కలప మీద 55 షిల్లింగులు, వలస కలప మీద 10. దూరం మూడు నాలుగు రెట్లున్నా కెనడా దూలం లండన్‌లో గిట్టుబాటైంది అంటే కారణం ఆ 45 షిల్లింగుల తేడానే. రైట్ సాహసాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ అంకెను కూడా పక్కన పెట్టుకుంటే మంచిది.

అదే 1806 నవంబరులో, మనకు దగ్గర్లో ఇంకో సంగతి జరిగింది. ఓక్ కలప కొరతతో అల్లాడుతున్న అదే నౌకాదళం కోసం మద్రాసు ప్రెసిడెన్సీ ఏలుబడిలోని మలబారుకు కెప్టెన్ వాట్సన్ అనే అధికారిని అడవుల కన్జర్వేటర్‌గా వేశారు. టేకు మీద ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం కోసమే ఆ కొలువు. స్థానిక వ్యాపారుల గగ్గోలుతో 1823లో, మన్రో గవర్నరుగా ఉండగా, ఆ పదవిని ఎత్తేశారు. ఒక సామ్రాజ్యానికి ఓడలు కావాలి. ఒకచోట ఆ అవసరం వ్యాపారిని దొరను చేసింది, ఇంకోచోట వ్యాపారి నోరు కొట్టింది.

దొర అన్నది ఊరికే అనలేదు. హల్‌లో రైట్‌ను ‘స్క్వైర్’ అని పిలిచేవాళ్లు. ‘పి. రైట్ అండ్ సన్స్’ అని కొడుకులతో కంపెనీ. మిల్లులు ఆయనవే, సరుకుల కొట్టు ఆయనదే. జస్టిస్ ఆఫ్ పీస్ ఆయనే, స్థానిక సేనలో అధికారి ఆయనే. కూలి ఇచ్చేవాడు, సామాను అమ్మేవాడు, తగవు తీర్చేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ఊళ్లో ఎదురు మాట్లాడేది ఎవరు? 1808లో మిల్లులు కాలిపోతే మళ్లీ కట్టుకునే శక్తి ఉన్నదీ ఆయనకే.

ఇక చట్టం సంగతి. ఒట్టావా లోయలో సర్కారు అడవిలో చెట్టు కొట్టే హక్కు 1826 దాకా కాగితం మీద నౌకాదళ కాంట్రాక్టర్లకే ఉండేది. నిజంలో అందరూ కొట్టేవారు, ఎవరూ ఆపేవారు కాదు. మానును నాలుగు వైపులా చదరంగా దూలంలా చెక్కడంలోనే మానులో నాలుగో వంతు దాకా వృథాగా పోయేది. ఆ పేళ్లు అడవిలోనే ఎండి, కార్చిచ్చుకు మేతయ్యేవి. 1826లో ఎగువ కెనడా (ఇప్పటి ఒంటారియో) వైపు లైసెన్సులు పెట్టారు. లైసెన్సు అనగానే దాన్ని ఎవరికివ్వాలన్న రాజకీయం మొదలవుతుంది. కూపు కాంట్రాక్టుల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

1830లో, డెబ్బై ఏళ్ల వయసులో, రైట్ ఒట్టావా కౌంటీ నుంచి దిగువ కెనడా శాసనసభకు ఎన్నికయ్యాడు. పాపినో నాయకత్వంలో ఫ్రెంచి దేశభక్తుల పార్టీ గవర్నరుతో కుస్తీ పడుతున్న కాలమది. ఆ పెద్ద పోరులో ఇంగ్లిషు మాట్లాడే ఈ వృద్ధ వ్యాపారి నాయకుడేమీ కాదు. ఆయన సభ్యుడిగా ఉన్న 1832లోనే ‘గాటినో ప్రివిలేజ్’ వచ్చింది. గాటినో నది పరీవాహకంలో కలప కొట్టే హక్కు అతి కొద్దిమందికే. ఆ కొద్దిమందిలో రైట్ కొడుకులున్నారు, హామిల్టన్ కంపెనీ ఉంది, పీటర్ ఎయిలెన్ అనే కలప వ్యాపారి ఉన్నాడు. ఇది శాసనసభ ఇచ్చింది కాదు, గవర్నరు పాలనాయంత్రాంగం ఇచ్చింది. రైట్ ఓటు వేసి కొడుకులకు అడవి రాసిచ్చాడంటే తప్పు. నా అనుమానం ఆయన నిజాయితీ మీద కాదు. ముప్పై ఏళ్లుగా భూమి, మిల్లు, న్యాయం, సేన ఒకే ఇంట్లో ఉన్న చోట, ఆ ఇంటివాళ్లను కాదని హక్కు ఇంకొకరికివ్వాలని ఏ అధికారికీ తోచకపోవడం మీద. అలాంటప్పుడు సిఫార్సు చేయాల్సిన పని కూడా ఉండదు.

కొడుకుల్లో రగుల్స్ తెలివైనవాడు. 1829లో షోడియేర్ జలపాతం పక్కనుంచి దూలాలు జారిపోయేలా చెక్కల కాలువ కట్టాడు. అంతకుముందు జలపాతంలో పడి దూలాలు చీలిపోయేవి, లేదా నేల మీద ఈడ్చుకెళ్లాల్సి వచ్చేది. ఆ తర్వాత ఇలాంటి జారుడు కాలువలు ఎంత పేరు మోశాయంటే 1860లో వేల్స్ యువరాజు వచ్చినప్పుడు ఆయన్ను సరదాగా తెప్ప మీద ఎక్కించి అందులోంచి జార్చారు.

రైట్ 1839లో పోయాడు. ఆయన పోయాక కలపే ఆ ఊరికి కడుపు నింపింది, ఆ కలపే ఊరిని కాల్చింది కూడా. 1900 ఏప్రిల్‌లో ఒక ఇంట్లో అంటుకున్న నిప్పు గాలికి కలప అడితిల మీదుగా నది దాటి ఒట్టావాలోకి పాకింది. హల్ చాలా భాగం బూడిదైంది. ఒట్టావా నది మీద ఆఖరి చెక్కిన దూలాల తెప్ప 1908లో వెళ్లింది. గాటినో నదిలో దుంగలు తేలడం మాత్రం 1991 దాకా సాగింది.

ఆ పెద్దమనుషుల సంతతి ఏమైంది? వేటకు జంతువులు తగ్గిపోయి, నది పొడవునా తెప్పలు, మిల్లులు వచ్చాక చాలామంది గాటినో ఎగువకు జరిగారు. 1853లో అక్కడ వాళ్ల కోసం ఒక రిజర్వు ఏర్పాటైంది. అదే ఇప్పటి కిటిగాన్ జిబి. ఒట్టావా లోయను తాము ఏ ఒప్పందం మీదా ఎవరికీ రాసివ్వలేదని ఆల్గాంక్విన్ ప్రజలు ఇప్పటికీ అంటారు. కానుకలు తీసుకున్నంత మాత్రాన పట్టా పోయినట్టేనన్న ఆనాటి జవాబు ఏ న్యాయశాస్త్రం ప్రకారం నిలుస్తుందో నాకైతే అర్థం కాదు. 2016 డిసెంబరులో కిటిగాన్ జిబి ఒంటారియో కోర్టులో దావా వేసింది. తమదని అడిగిన నేలలో రైట్ ఊరికి ఎదురుగా నది అవతలున్న పార్లమెంటు కొండ కూడా ఉంది.