గేరు రాడ్ గుంజకండి

పాత జీపు నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మన విజయనగరం వైపు మొదట చెప్పే మాట ఒకటుంది: "గట్టిగా లాగి వెయ్యి, పాత బండి కదా, అలాగే పడుతుంది." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అలా లాగితే గేరు గరగరమంటూ, లోపల పళ్ళు అరగదీసుకుంటూ, విధిలేక పడుతుంది. కొన్నాళ్ళకి సెకండ్ గేరు నిలవక జారిపోవడం మొదలవుతుంది. అప్పుడు బండిని తిడతారు. నేర్పినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు.

మా ఇంట్లో ఉన్నది మహీంద్రా ఎంఎం 540. ప్యూజో డీజిల్ ఇంజిను, నాలుగు గేర్లు, పక్కన ఫోర్ వీల్‌కి, అంటే నాలుగు చక్రాలూ లాగడానికి, వేరే రాడ్. దాని గేరు రెండు వేళ్ళతో, చప్పుడు లేకుండా పడుతుంది. బండిలో ప్రత్యేకత ఏమీ లేదు. దాన్ని నడిపే పద్ధతే వేరు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎవరూ గుంజరు. మనం వేయబోయే గేరు ఒక వేగంతో తిరుగుతుంటుంది, అది కలవాల్సిన షాఫ్టు ఇంకో వేగంతో తిరుగుతుంటుంది. మధ్యలో సింక్రో రింగు అని ఒక ఇత్తడి రింగు ఉంటుంది. రాడ్ మీద మెల్లగా ఒత్తిడి పెట్టి ఉంచితే ఆ రింగు రాపిడితో రెండిటి వేగాన్నీ కలుపుతుంది. కలవగానే గేరు దానంతట అదే లోపలికి జారుతుంది. కదిలే బస్సు ఎక్కేవాడు నాలుగడుగులు దానితో పాటు పరిగెత్తి ఎక్కుతాడు కదా, అంతే ఇది. ఆ పరిగెత్తే సమయం ఇవ్వకుండా తోసేస్తే బస్సుకేం కాదు, పడేది మనిషే. గేర్‌బాక్సులో అరిగేది ఆ ఇత్తడి రింగే. అది అరిగిపోయాక ఎంత నేర్పరి కూర్చున్నా గేరు అరుస్తుంది. ఇక సీజే 3బీ లాంటి మూడు గేర్ల పాత జీపుల్లో ఫస్ట్ గేరుకి సింక్రో అసలు లేదు. బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ వేయాలి, లేదంటే డబుల్ క్లచ్ వచ్చి ఉండాలి, దాని సంగతి కింద చెప్తాను.

పై గేరుకి వెళ్ళేటప్పుడు కావాల్సింది ఓపిక. డీజిల్ ఇంజినుకి వెనక తిరిగే ఫ్లైవీల్ చక్రం బరువెక్కువ, యాక్సిలేటర్ వదలగానే స్పీడు దిగదు. జిప్సీ లాంటి పెట్రోలు బండిలో త్వరగా దిగుతుంది, అందుకే జిప్సీకి అలవాటుపడ్డవాళ్ళు జీపెక్కితే తొందరపడతారు. సాలూరు, పాచిపెంట వైపు సంతలకి సర్వీసు జీపు తోలిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "సౌండు దిగనీ బావూ, దిగినాక ఎయ్యి." క్లచ్ తొక్కి, రాడ్‌ని న్యూట్రల్‌కి తెచ్చి, ఒక్క క్షణం ఆగాలి. ఇంజిన్ సౌండు కిందికి దిగుతుంది. అప్పుడు అరచేత్తో పైకి నెట్టాలి. సెకండ్ నుంచి థర్డ్‌కి వెళ్ళేటప్పుడు రాడ్‌ని పిడికిట్లో బిగిస్తే మన చెయ్యే దాన్ని ఎడమవైపుకి లాగేస్తుంది, ఫస్ట్ వైపుకి పోతుంది. న్యూట్రల్‌లో చెయ్యి వదులు చేస్తే చాలు, తన దారి తనే చూసుకుంటుంది.

అసలు కష్టమంతా కింది గేరుకి రావడంలో ఉంది. దీన్ని మనవైపు ఎవరూ నేర్పడం లేదు. థర్డ్‌లో ఇంజిను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకోండి, అదే వేగంలో సెకండ్‌కి వస్తే రమారమి 2400 చుట్లు తిరగాలి. ఆ తేడా ఎవరో ఒకరు పూడ్చాలి. మీ కాలు పూడ్చకపోతే సింక్రో రింగు, క్లచ్ ప్లేటు పూడుస్తాయి, బండి ముందుకి ఊగి అందరి తలలూ వంగుతాయి. అందుకే డబుల్ క్లచ్: క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి యాక్సిలేటర్ ఒక్కసారి కొట్టి, మళ్ళీ క్లచ్ తొక్కి సెకండ్. చదవడానికి పెద్ద తతంగంలా ఉంటుంది. అలవాటయ్యాక కాలికి తెలియకుండా జరిగిపోతుంది.

మా మేనకోడలు జీపు నేర్చుకుంటానంటే మా బావ "ఆడపిల్లకి జీపు గేరు ఎక్కడ లొంగుతుంది, ఆటోమేటిక్ కొందాం" అన్నారు. బావ మంచివారు, కానీ ఈ మాట తప్పు. గజపతినగరం నుంచి మెంటాడ వెళ్ళే రోడ్డు మీద తెల్లవారాక తీసుకెళ్ళాను. "ఇప్పుడు వెయ్యొచ్చా మావయ్యా?" అని ప్రతిసారీ నన్నడిగేది. "నన్నడక్కు, ఇంజిన్‌ని విను" అనేవాణ్ణి. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. మలుపుకి ముందు న్యూట్రల్‌లో ఆగి, యాక్సిలేటర్ చిన్నగా కొట్టి సెకండ్ వేస్తే వెనక సీట్లో మా బావ చేతిలో టీ గ్లాసు తొణకలేదు. ఆ పిల్లకి మనందరికంటే బలం తక్కువ. చెవి మాత్రం ఎక్కువ. దయచేసి ఆడపిల్లలకి ఈ "లొంగదు" కబుర్లు చెప్పకండి.

డ్రైవింగ్ స్కూళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా మేనకోడలు మొదట చేరినచోట నేర్పేవాడి కాళ్ళ కింద కూడా క్లచ్, బ్రేకు ఉన్నాయి. మంచిదే, భద్రత. కానీ ప్రతిసారీ క్లచ్ ఆయనే తొక్కేస్తే బండి ఎక్కడ పట్టుకుంటుందో పిల్ల కాలికి ఎప్పుడు తెలుస్తుంది? టెస్టు పాసవడానికి అది సరిపోతుంది. ఎస్.కోట దాటి కాశీపట్నం, టైడా మీదుగా అరకు ఘాట్ ఎక్కడానికి సరిపోదు.

ఘాట్ అనగానే ఇంకొకటి. డీజిల్ మిగులుతుందని డౌన్‌లో న్యూట్రల్ వేసి దొర్లించేవాళ్ళు ఇంకా ఉన్నారు. సాలూరు ఘాట్‌లో లోడు లారీల వెనక ఈ పని చేసేవాళ్ళని చూస్తే నాకు వణుకు వస్తుంది. మోడల్ పాతబడేకొద్దీ నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే ఉంటాయి, వేడెక్కితే పట్టు తగ్గుతుంది. బ్రేకు కాలిన వాసన వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, అదీ డౌన్ మొదలవ్వకముందే వేసుకోండి. సగం డౌన్‌లో స్పీడు పెరిగాక చిన్న గేరు వేయబోతే అది పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది.

ఫోర్ వీల్ రాడ్ గురించి క్లుప్తంగా: ఈ బండ్లలో ముందు వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపులు తిప్పకండి, ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. లో రేంజి, అంటే బలం కోసం గేర్లన్నిటినీ ఇంకా నెమ్మది చేసే అమరిక, బండి ఆపి వేయండి. చింతపల్లి బీచ్ ఇసుకలోకి దిగేముందే ఫోర్ వీల్, సరైన గేరు రెండూ వేసుకోవాలి. మెత్తటి ఇసుకలో గేరు మార్చడానికి క్లచ్ తొక్కితే బండి అక్కడే కూరుకుపోతుంది.

చేతిని అనేముందు బండిని కూడా చూడండి. ఐడిలింగ్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం, ముందు అది సరిచేయించండి. గేర్ ఆయిలు డబ్బా మీద జీఎల్-4 అని ఉందో లేదో అడగండి. చాలాచోట్ల చేతికందిన జీఎల్-5 పోసేస్తారు, అందులోని గంధకం మందులు ఇత్తడి రింగుకి మంచివి కావు.

గజపతినగరం, బొండపల్లి చుట్టుపక్కల ఎవరైనా, ముఖ్యంగా ఆడపిల్లలు, పాత జీపు నేర్చుకోవాలంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారం పొద్దున్న నేను ఖాళీయే. మీ బండి తెచ్చుకోండి, లేకపోతే మా బండి ఉంది, డీజిల్ పోయిస్తే చాలు.