మోకాళ్లకు పింఛను ఇవ్వాలి

యాభై దాటిన ప్రతి మోకాలికీ పూర్తి జీతంతో రిటైర్మెంట్ ఇవ్వాలన్నది నా డిమాండు. నవ్వకండి. మా హనుమకొండలో ఈ పద్ధతి ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది. ఒక జీవో కూడా వస్తే మోకాలికి కాస్త మర్యాదగా ఉంటుందని అడుగుతున్నాను, అంతే.

రెండేళ్ల కింద నా కుడి మోకాలు మొదటిసారి కలుక్కుమంది. పొద్దుగూకేసరికి చుట్టుపక్కల వాళ్లంతా పలకరించడానికి వచ్చారు. ఎక్స్‌రే తీయకముందే అందరూ ఒకే మాట తేల్చారు, గుజ్జు అరిగిపోయిందని. ఆ గుజ్జు మొదట ఎంత ఉండేదో, ఇప్పుడు ఎంత మిగిలిందో, ఎవరు కొలిచారో నేను అడగలేదు. గుజ్జు అరిగిన మనిషికి అడిగే అర్హత ఉండదు. మెట్లెక్కొద్దు, కింద కూసోవద్దు, బరువు లేపొద్దు. నువ్వుల నూనెలో కర్పూరం వేసి రాయమని ఎదురింటాయన, కర్పూరం కాదు వెల్లుల్లి అని వాళ్లావిడ. నా మోకాలి మీద చేతులు పెట్టుకునే ఇద్దరూ కాసేపు గొడవపడ్డారు. మా బామ్మర్ది మోకాలికి తొడుక్కునే నీ-క్యాప్ తెచ్చాడు. అది మోకాలికంటే నా హోదాకు ఎక్కువ పనికొచ్చింది. ప్యాంటు పైనుంచి తొడుక్కుంటే బస్సులో సీటు దొరికేది.

నొప్పితో వచ్చే సౌకర్యాలు నొప్పి లేనివాళ్లకు తెలియవు. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. గ్యాస్ సిలిండర్ గేటు దగ్గర దించిపోతే పైకి మోసే డ్యూటీ నాకు తప్పింది. ఐనవోలు జాతరలో గంటలకొద్దీ లైన్లో నిలబడటం తప్పింది. అత్తగారి ఊళ్లో అందరూ కింద బంతిలో కూర్చుంటే నాకొక్కడికే కుర్చీ, స్టూలు, వాటిమీద విస్తరి. కొత్త అల్లుడిగా ఉన్నప్పుడు కూడా అంత గౌరవం దక్కలేదు.

ఈ సుఖానికి మొదట గండికొట్టింది మా టైలర్. ప్యాంటు కొలత తీస్తూ టేపు రెండుసార్లు చుట్టి, ఆగి, మళ్లీ చుట్టి, "సార్, కుడి తొడ సన్నగైంది, ఎడమదానికన్నా రెండు వేళ్లు తక్కువుంది. రెండూ ఒక్క తీరుగనే కుట్టాల్నా?" అని అడిగాడు. రెండేళ్లలో నా కాలిని ముట్టుకున్నవాళ్లు చాలామందే గానీ కొలిచినవాడు ఆయనొక్కడే.

దాంతో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. కరెంటు పెడతారని, కళ్లు మూసుకుని పడుకోవచ్చని ఆశ. ఆ అమ్మాయి ఒక ప్లాస్టిక్ కుర్చీ చూపించి, "అంకుల్, చేతులు పట్టకుండా లేవండి" అంది. లేచాను. "ఇప్పుడు మెల్లగా కూర్చోండి" అంది. కూర్చున్నాను గానీ మెల్లగా కాదు, మిర్చి బస్తా దించినట్టు. "అదే అంకుల్ మీ ప్రాబ్లం. లేస్తున్నరు, దిగేటప్పుడు ఆపుకునే బలం లేదు."

కరెంటు పెట్టవా అమ్మా అని అడిగాను. పెడితే కాసేపు హాయిగా ఉంటుందట, తొడకు మాత్రం బలం రాదట. ఒక కాగితం మీద రాసిచ్చింది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడు విడతలు, గోడకు వీపు ఆనించి గోడ కుర్చీ వేయడం 45 సెకన్లు, ఒక మెట్టు మెల్లగా ఎక్కి అంతకన్నా మెల్లగా దిగడం. "నొప్పొస్తే?" అన్నాను, ఇక్కడ దొరికిపోతుందనుకుని. "పదికి మూడు, నాలుగు దాకా రానివ్వండి. తెల్లారేసరికి తగ్గాలె, మోకాలు వాయొద్దు. వాస్తే కొంచెం తగ్గించి చేద్దాం." ఫీజు కట్టి మరీ కుర్చీలోంచి లేచొచ్చానని ఇంట్లో చెబితే పరువు పోతుందని, దార్లో మెడికల్ షాపులో ఒక ఆయింట్‌మెంట్ కొనుక్కుని వెళ్లాను.

ఈ అన్యాయం ఒక్క అమ్మాయిదేనా అని ఆరా తీస్తే, కుట్ర జెనీవా దాకా ఉందని తేలింది. పద్దెనిమిది దాటినవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే రాసిపెట్టింది. 65 దాటినవాళ్లను వదిలేసిందా అంటే, వాళ్లకు మూడు రోజులు, బలంతో పాటు తూలి పడకుండా నిలబడే సాధన కూడా. మా వీధిలో 65 దాటినాయన మంచం దిగితే కొడుకులకు చెడ్డపేరు వస్తుంది. కీళ్లు అరిగిన వాళ్లందరికీ వ్యాయామమే ముఖ్యమైన చికిత్స అని బ్రిటన్‌లో 2022లో మార్గదర్శకాలు కూడా ఇచ్చారు. నువ్వుల నూనెను సంప్రదించినట్టు లేరు.

అన్నిటికన్నా దారుణం స్వీడన్ కథ. హోకన్ ఆల్ఫ్రెడ్సన్ అని అక్కడొక ఆర్థోపెడిక్ డాక్టర్. పరుగు పెట్టీ పెట్టీ మడమను పిక్క కండరానికి కలిపే తాడు, అదే అకిలీజ్ టెండన్, నొప్పి పట్టుకుంది. ఆపరేషన్ చేయించుకుంటానంటే, పనికి అడ్డమని పై అధికారి ఒప్పుకోలేదు. అయితే దాన్ని పూర్తిగా చెడగొట్టుకునే వస్తా, అప్పుడెలా ఒప్పుకోవో చూస్తానని ఈయన మెట్టు అంచున నిలబడి, నొప్పిని లెక్కచేయకుండా బరువుతో మడమలు కిందికి దించుతూ పోయాడు. చెడిపోవాల్సింది బాగైపోయింది. అదే పద్ధతి, రోజుకు రెండుసార్లు, 12 వారాలు, పదిహేను మంది పరుగువాళ్లతో చేయించి 1998లో ప్రచురించాడు. ఇప్పుడు ప్రపంచమంతా అదే చేయిస్తోంది. మన ఆఫీసులో అయితే సెలవు చీటీ మధ్యాహ్నానికల్లా శాంక్షన్ అయ్యేది, పోతూ పోతూ ఇంకో వారం కలుపుకోమని సూపరింటెండెంటే చెప్పేవాడు, వైద్యశాస్త్రం అక్కడికక్కడే ఆగిపోయేది.

ఇది ముసలి మోకాళ్ల గొడవ. పడుచు మోకాళ్ల సంగతి వేరే. పోలీసు నోటిఫికేషన్ పడితే చాలు, నర్సంపేట, పరకాల, ములుగు కుర్రాళ్లంతా హనుమకొండలో రూములు తీసుకుంటారు. కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్లు నాలుగు మీటర్ల లాంగ్‌జంప్ చేయాలి, 7.26 కిలోల గుండును ఆరు మీటర్లు విసరాలి, 1600 మీటర్లు ఉరకాలి. ఏడాదంతా కుర్చీలో జనరల్ నాలెడ్జి చదివిన కాళ్లు ఇవి. తేదీ రాగానే మొదటిరోజే సిమెంటు గద్దెల మీదికి రెండొందల గెంతులు. సెల్‌లో వీడియో. ఆ వీడియోల్లో ఒక విశేషం గమనించాను. ఎక్కుడు ఉంటుంది, దిగుడు ఉండదు. గద్దె మీద నిలబడి చేతులెత్తేసరికి రీల్ అయిపోతుంది. ఆ తర్వాత ధబీమని కిందికి దూకిన చప్పుడు మాత్రం కెమెరాలో పడదు. నెల తిరగకుండా ఆ కుర్రాడూ నేనూ ఒకే మెడికల్ షాపు ముందు నిలబడతాం. వాడు నన్ను "బాపూ, ఏ ఆయింట్‌మెంట్ మంచిది?" అని అడుగుతాడు. చెబుతాను. రెండేళ్ల అనుభవం.

ఈ గెంతుల విద్యకు ప్లయోమెట్రిక్స్ అని పేరు. సోవియట్ కోచ్ యూరి వెర్ఖోషాన్‌స్కీ 1960ల్లో దీన్ని ఒక పద్ధతిలో పెట్టి షాక్ మెథడ్ అన్నాడు. ప్లయోమెట్రిక్స్ అన్న పేరు 1975లో అమెరికా కోచ్ ఫ్రెడ్ విల్ట్ పెట్టింది. మూలసూత్రం ఉండేలు రబ్బరుదే. నేలకు తగలగానే కండరం, టెండన్ సాగుతాయి, వెంటనే వదిలితే ఆ సాగిన బలం దూకుడుకు కలుస్తుంది. సాగదీసి ఆలోచిస్తూ నిలబడితే వేడై పోతుంది. పాదం నేల మీద పావు సెకనుకు మించి ఉండొద్దంటారు. అది ఎట్లా కుదురుతుందని అనుమానం ఉన్నవాళ్లు మే నెల మిట్టమధ్యాహ్నం చెప్పులు విడిచి వేయి స్తంభాల గుడి రాతిబండల మీద నడవండి. మా పిన్నమ్మ కూడా అక్కడ ఒలింపిక్ స్థాయిలో పావు సెకనులోపే పాదం తీస్తుంది.

కొత్తవాళ్లకు ఒక పూటకు ఎనభై, వంద గెంతులు చాలని, మధ్యలో రెండు రోజులు ఆగాలని, ముందు బరువులతో తొడలు గట్టిపరుచుకోవాలని, దూకడానికన్నా ముందు చప్పుడు కాకుండా దిగడం నేర్వాలని పుస్తకాలు చెబుతాయి. అలా చేస్తే రీల్ ఏముంటుంది?

ఇదంతా మన కాకతీయుల పేరిణి నాట్యంలో ఎప్పుడో ఉందని మా వాకింగ్ బ్యాచ్ పెద్దాయన అంటారు. ఉండొచ్చు. పేరిణి కళాకారులు అంతెత్తు ఎగిరి, పాదం మోపీ మోపకముందే మళ్లీ లేవడం నేనూ చూశాను. కాకపోతే భద్రకాళి చెరువు బండ్ మీద బల్లపై కూర్చుని ఆ మాట చెప్పిన పెద్దాయనను లేపడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. 2021లో ఇదే హనుమకొండ స్టేడియంలో హర్‌మిలన్ బైన్స్ మహిళల 1500 మీటర్ల పరుగులో జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి కూలీల బిడ్డ జీవాంజి దీప్తి పోయి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఈ రెండు సంగతులూ మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. బల్ల మీద కూర్చుని వాటి గురించి గంటసేపు మాట్లాడగలం.

బరువు అంత మంచిదైతే ఎనుమాముల మార్కెట్లో హమాలీలకు నొప్పులే ఉండకూడదు కదా అని ఫిజియో అమ్మాయిని నిలదీశాను. నా వాదనల్లో ఇదే బలమైనది. ఆమె నవ్వలేదు. "మీకు బరువు ఎంత పెట్టాల్నో నేను లెక్క చూసి చెప్తున్న, రేపు రెస్ట్ అంటున్న. సీజన్‌ల ఆ హమాలీకి రేపు రెస్ట్ అని ఎవరు చెప్తరు అంకుల్?" అంది. వాదన అక్కడితో ఆపేశాను.

మూడు నెలలు గడిచాయి. కుర్చీ వ్యాయామం బెడ్‌రూం తలుపు వేసుకుని చేస్తున్నాను. ఇప్పుడు చేతిలో పది కిలోల బియ్యం సంచి పట్టుకుని లేస్తున్నాను, కూర్చునేటప్పుడు చప్పుడు కావడం లేదు. నొప్పి పదికి ఒకటో, అదీ లేదో. ఈ విషయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బయటికెళ్తే నీ-క్యాప్ ఎప్పటిలాగే ప్యాంటు మీదే ఉంటోంది.

మొన్న ఆదివారం తలుపు గడియ సరిగా పడలేదు. సంచి గుండెలకు హత్తుకుని పన్నెండోసారి లేస్తుంటే గుమ్మంలో మా ఆవిడ. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. సంచి వైపు చూసింది, మోకాలి వైపు చూసింది.

"సిలిండర్ కింద దించిపోయిండట" అంది.