‘16 గంటల 30 నిమిషాలు’ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం అని నెట్‌లో కొడితే, సుమారు 14,400 కిలోమీటర్లు అన్న ముక్క పక్కనే దర్జాగా కూర్చుని కనిపించేది మీరే కదా. మీ పుట్టుక తలుచుకుంటే ముచ్చటేస్తుంది. 14,400ని గంటకు 900 చొప్పున భాగిస్తే 16, ఎగరడానికీ దిగడానికీ ఓ అరగంట, అంతే, మీరు తయార్. మ్యాపు మీద మీ గీత కూడా భలే ఉంటుంది. రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు అటొకటి ఇటొకటి కాబట్టి ఉత్తర ధ్రువం పక్క నుంచే లాగేశారు. చిక్కల్లా ఒకటే, ఆ గీత పట్టుకుని వెళ్లే విమానం లేదు. (షికాగోకి 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా ఒకటి వేసింది. మనం మురిసిపోయేలోపే ఆపేశారు.)

మేం ఎక్కువగా వెళ్లేది దోహా, దుబాయ్‌ల మీదుగానే. శంషాబాద్ నుంచి అక్కడికి నాలుగు గంటల పైచిలుకు, అక్కడ కుర్చీల్లో జోగుతూ మూడు గంటలు, ఆ తర్వాత ఎక్కే రెండో విమానం ఒక్కటే మీ పదహారు గంటలూ మింగేస్తుంది.

మిమ్మల్ని నిండా నమ్మింది మా అత్తగారు. పైగా టికెట్లో తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 5కి దిగుతారని ఉంది. గడియారం మధ్యలో పదిన్నర గంటలు వెనక్కి వెళ్తుందని చెప్పినా వినిపించుకోలేదు. ‘‘పదమూడు గంటలేగా, బస్సులో చెన్నై వెళ్లొచ్చినట్టే’’ అన్నారు.

కానీ వాళ్లది గుంటూరు. శంషాబాద్‌కి కారులో ఐదారు గంటలు, ట్రాఫిక్ టెన్షన్‌తో ముందురోజు మధ్యాహ్నమే గడప దాటారు. సాగనంపడానికి వెనక ఇంకో కారు. కౌంటర్ దగ్గర పెట్టె తూస్తే 23 కిలోలు ఉండాల్సింది 24 దాటింది. అక్కడే నేల మీద పెట్టె తెరిచి, గోంగూర పచ్చడి తీయడానికి ససేమిరా అని, మామగారి స్వెట్టర్, దాని మీదకి కోటు తీసి ఆయనకే తొడిగేశారు. హైదరాబాద్‌లో, మే నెలలో. పాపం, ఆయన దోహా దాకా విప్పలేదట.

ఇంకోటి. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది, ఆ పెద్ద విమానం గంటకు పైగా ముందే చేరుతుంది. మీకు మాత్రం పోనూ రానూ ఒకటే లెక్క. డాలస్‌లో ఇమిగ్రేషన్ లైను సంగతి మీకు చెప్పి ఏం లాభం, మీరెప్పుడు నిలబడ్డారు గనక?

కాబట్టి నా మనవి ఇదే. ఇకమీదట ఎవరైనా అడగ్గానే అంకె విసిరేయకుండా, ఏ ఊరి నుంచి బయల్దేరుతున్నారు, ఎన్ని పెట్టెలు, పచ్చళ్లున్నాయా అని ముందు కనుక్కోండి.

ఇట్లు,
డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో ఓ అల్లుడు