ఇరవై లక్షలూ లక్ష డాలర్లూ ఒకటేనా?

"హైదరాబాద్‌లో 20 లక్షల జీతం అమెరికాలో లక్ష డాలర్లతో సమానం. పైగా ఇక్కడ పనిమనిషి దొరుకుతుంది, జబ్బు చేస్తే ఆ రోజే డాక్టరు చూస్తాడు, అమ్మానాన్నల దగ్గరే ఉండొచ్చు. ఇంకా అమెరికా ఎందుకు?" నెలకోసారైనా ఈ సందేశం మా చుట్టాల గ్రూపులోకి వచ్చిపడుతోంది. ఆరేళ్లు న్యూజెర్సీలో ఉండి, ఇష్టపడే తిరిగొచ్చినవాణ్ని. అయినా ఈ పోలిక తప్పని చెప్పి తీరాలనిపిస్తోంది.

ముందు ఆ లెక్క. పీపీపీ అనే ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్క ప్రకారం అమెరికాలో డాలరుకు వచ్చేది ఇక్కడ సుమారు 20 రూపాయలకు వస్తుంది. నిజమే, కానీ అది దేశం మొత్తానికి సగటు. బియ్యం, కూరలు, క్షవరం, బస్సు టికెట్టు, పల్లెల్లో ఇంటద్దె అన్నీ కలిస్తే వచ్చిన అంకె. 20 లక్షలు తెచ్చుకునేవాడి జీతం ఎక్కువగా పోయేది వాటికి కాదు. 2024లో ఐఫోన్ 16 వచ్చినప్పుడు అక్కడ పన్ను కాకుండా 799 డాలర్లు, ఇక్కడ 79,900 రూపాయలు. అంటే డాలరుకు 100 పడింది. అదే ఏడాది హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల పైనే. అమెరికాలో ఆ ఏటి సగటు ధరను మామూలు మారకం రేటుకే మార్చి చూసినా 80 దాటలేదు.

వైద్యం సంగతిలో సగం ఒప్పుకుంటాను. అక్కడి ఆసుపత్రి బిల్లులు భయంకరమే, అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగాల్సి రావడమూ నిజమే. కానీ మన దగ్గర వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదేనని 2021-22 ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2023 లెక్కల్లో వెయ్యిమంది పిల్లలు పుడితే ఏడాది నిండకుండా పోయినవాళ్లు అక్కడ ఆరుగురి లోపు, ఇక్కడ 25 మంది. ఆ ఏడాదే సగటు ఆయుష్షు అక్కడ 78, ఇక్కడ 72.

అమ్మానాన్నల మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను వచ్చేసింది అందుకే.

నన్ను నిజంగా బాధపెట్టేది పనిమనిషి మాట. న్యూజెర్సీలో మా ఇల్లు శుభ్రం చేయడానికి రెండు వారాలకోసారి ఒకామె తన కారులో వచ్చేది. మూడు గంటలకు 120 డాలర్లు ఇచ్చేవాళ్లం. ఇక్కడ మా ఇంట్లో అంట్లు తోమి, ఊడ్చి తుడిచే అక్కకు నెలకు 3,000. పొద్దున ఆరింటికి మా ఇంటితో మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆరు ఇళ్లు చేస్తుంది. పనివాళ్లు మెయిన్ లిఫ్టు ఎక్కకూడదని ఒకసారి మా కమిటీ నోటీసు అంటించింది. ఆ వారమంతా ఆమె మోకాళ్లు పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కింది.

మనకు చవకగా దొరికేది ఆమె శ్రమే. దేశాన్ని దేశంతో పోల్చేటప్పుడు ఆమెను మన సౌకర్యాల జాబితాలో రాసుకుని, ఆమె బతుకును లెక్కలోంచి తీసేయడం ఏం న్యాయం? ఆమె కూడా ఈ దేశంలోనే బతుకుతోంది కదా! అమెరికాలో ఇంటిపనివాళ్లకు 1974 నుంచే కనీస వేతన చట్టం వర్తిస్తోంది. మన దగ్గర వాళ్లకోసం దేశమంతటికీ ఒక చట్టం ఉండాలా అన్నది పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

మనం ముందున్న సంగతి ఒకటుంది, సందేశం రాసినవాళ్లు దాన్ని వదిలేశారు. 2017 నుంచి మన చట్టం తల్లులకు 26 వారాలు జీతంతో సెలవిస్తోంది. అమెరికా జాతీయ చట్టం ఇచ్చేది జీతం లేని 12 వారాలే, అదీ అందరికీ కాదు. మా ఆఫీసులో ఒకమ్మాయి కిందటేడు ఆ 26 వారాలూ తీసుకుంది. అదే నెలలో మా ఇంట్లో పనిచేసే అక్క కోడలికీ కాన్పయింది. నలభయ్యో రోజున బిడ్డను అత్తకు అప్పజెప్పి, పక్క బ్లాకులో అంట్ల పనికి వచ్చేసింది.