ముందు చరిత్ర, ఆ తర్వాతే చెమట

ఆత్మరక్షణ విద్య నేర్చుకోవాలనుకునేవాళ్లు తొందరపడి బస్కీలు మొదలుపెట్టకూడదు. ఆ విద్య ఎన్ని వేల ఏళ్ల నాటిదో, ఏ మహర్షి నోట పుట్టిందో ముందు తేల్చుకోవాలి. రేపు చీకట్లో ఎవడైనా దొంగ అడ్డగించి ‘నీది ఏ శతాబ్దం విద్య?’ అని నిలదీస్తే నీళ్లు నమలాల్సి వస్తుంది.

ఈ విషయంలో మా బావమరిది నిష్ఠ మెచ్చుకోదగింది. బొజ్జ తగ్గించమని డాక్టరు చెప్పినప్పటి నుంచి కుర్చీలోంచి లేవకుండా పరిశోధన చేస్తున్నాడు. మొదటి అంతస్తుకు కూడా లిఫ్టు కోసం నిలబడే మనిషి, కుంగ్‌ఫూకు పేరుపడ్డ చైనాలోని షావొలిన్ మఠం ఏ కొండ మీద ఉందో కళ్లు మూసుకుని చెబుతాడు. చరిత్ర పరిశోధన కూడా గొప్ప ఆత్మరక్షణ విద్యేనని అతన్ని చూశాకే అర్థమైంది. వ్యాయామం నుంచి అది మనిషిని ఎంతకాలమైనా కాపాడుతుంది.

అందరిలాగే అతనూ బౌద్ధ భిక్షువు బోధిధర్ముడి దగ్గరే మొదలుపెట్టాడు. ఆయన కంచి నుంచి చైనా వెళ్లి అక్కడి సన్యాసులకు కుంగ్‌ఫూ నేర్పాడన్నది మన వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడో రుజువైపోయింది. కంచిని ఏలిన పల్లవులకు పల్నాడుతో చుట్టరికం ఉంది కాబట్టి, లెక్కప్రకారం కుంగ్‌ఫూ పల్నాడు జిల్లా సొత్తని మావాడు ఇంకో అడుగు ముందుకేశాడు. చిక్కంతా చైనావాళ్లతోనే వచ్చింది. బోధిధర్ముడి ఊసెత్తిన తొలి రచన 547 నాటిది, రాసింది యాంగ్ షువాంజీ. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన ముసలి భిక్షువు. తనకు నూట యాభై ఏళ్లని చెప్పుకుంటూ, లుయోయాంగ్‌లో ఒక గోపురాన్ని చూసి మురిసిపోతాడు. ఎవరినీ ఒక్క గుద్దు గుద్దడు. దక్షిణ భారతం నుంచి వచ్చాడని రాసింది టాన్లిన్ అనే ఇంకో చైనా భిక్షువు. ఆయనా దెబ్బలాటల మాటెత్తలేదు.

మరి కసరత్తులు నేర్పాడన్న కథ ఎక్కడిది? 1624 తేదీ వేసుకున్న ఒక వ్యాయామ గ్రంథంలోది. మనిషికీ కథకూ నడుమ వెయ్యేళ్ల పైచిలుకు ఎడం. నమ్మకం కుదరడానికి ఆ పుస్తకానికి 7వ శతాబ్దపు సేనాని లీ జింగ్ పేరుతో ముందుమాట కూడా తగిలించారు. అది దొంగదని తర్వాతి కాలంలో చైనా పండితుడు లింగ్ టింగ్‌కాన్ తేల్చి, రాసినవాడు ఎవడో పల్లెటూరి అజ్ఞాని పంతులని ఈసడించాడు. నేను ఒప్పుకోను. ఫోన్ లేని రోజుల్లో ఇంత దూరం వెళ్లే ఫార్వర్డ్ మెసేజ్ రాసిన మహానుభావుడికి టాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టాలి.

షావొలిన్ సన్యాసులు నిజంగానే యుద్ధం చేశారు, అందుకు ఆధారం మఠంలోనే ఉంది. 621లో, తర్వాత చైనా చక్రవర్తి అయిన లీ షిమిన్ పక్షాన కత్తి పట్టినందుకు వాళ్లకు భూమి, నీటి మర దక్కాయని 728 నాటి రాతి శాసనం చెబుతుంది. ఈ సంగతి మావాడికి నచ్చలేదు. మహిమ లేదట, అంతా భూముల వ్యవహారంలా ఉందట.

కరాటే, తైక్వాండోల వైపు తిరిగితే దెబ్బ మీద దెబ్బ. జపాన్‌లో జిగోరో కానో జూడో మొదలుపెట్టింది 1882లో. బొంబాయి–ఠాణా రైలు అంతకు 29 ఏళ్ల ముందే నడిచింది. బ్లాక్ బెల్టు కూడా కానో పెట్టిందే. ఒకినావా దీవి నుంచి ఫునాకోషి అనే కరాటే గురువు 1922లో టోక్యో వచ్చి కరాటే చూపించాక, ఆ తెల్ల యూనిఫామూ బెల్టులూ జూడో నుంచి తెచ్చుకున్నారు. ఇక రెండు వేల ఏళ్ల నాటిదని చెప్పే తైక్వాండోకు, జపాన్‌లో కరాటే నేర్చుకొచ్చిన చోయ్ హోంగ్ హి అనే కొరియా సేనాని హయాంలో ఆ పేరు పెట్టింది 1955లో. అంటే నాగార్జున సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన ఏడాది. ఈ లెక్కన మన ఎడమ కాలవ కూడా ప్రాచీన విద్యే.

సిద్ధాంతం పూర్తయ్యాక క్షేత్ర పర్యటనకు బయల్దేరాం. మొదటిది ఒక అపార్టుమెంటు సెల్లారులో ఏసీ సెంటర్. గుమ్మంలోనే ఫ్లెక్సీ: ‘5000 సంవత్సరాల ప్రాచీన యుద్ధకళ’. దాని కింద మాస్టారి ఫొటో, చుట్టూ పతకాలు. మూడు నెలలకో బెల్టు, బెల్టుకో టెస్టు, టెస్టుకో ఫీజు. బెంగళూరు పెంకులు పగలగొట్టే రోజున పెంకుల డబ్బు మనదే. పిల్లలు వరసగా నిలబడి గాల్లోకి గుద్దుతున్నారు. పక్కవాడి మీద పొరపాటున కూడా చెయ్యి పడకుండా ఎంత జాగ్రత్త! మావాడి కళ్లు చెమర్చాయి.

రెండోది మున్సిపల్ స్కూలు గ్రౌండు. పొద్దున ఆరింటికి ఒక పెద్దాయన కర్రసాము నేర్పుతున్నాడు. గళ్ల లుంగీ పైకి దోపుకుని, చెవుల దాకా వచ్చే వెదురు కర్ర తిప్పుతుంటే ఆయన మోచెయ్యి కదలడం లేదు, మణికట్టు ఒక్కటే ఆడుతోంది. ఎదురుగా ఉన్న కుర్రాడి కళ్లు కర్ర వెంట పోతుంటే, కర్ర కొసతో వాడి చీలమండ మీద చిన్నగా తట్టి ‘కాలు, కాలు’ అంటున్నాడు. మావాడు గొంతు సవరించుకుని అడిగాడు.

“ఈ విద్య ఎన్నేళ్ల నాటిదండీ?”

“మా నాయన నేర్పాడు బాబూ. ఆయనకి వాళ్ల మేనమామ. ఆ ముందు సంగతి నాకు తెలవదు. చెప్పులిప్పి రా, కర్ర పట్టు.”

మూడు తరాలు! ఫ్లెక్సీ లేదు, మహర్షి లేడు, పైగా వచ్చిన రోజే కర్ర పట్టమంటాడు. ఇలాంటి బాధ్యతారాహిత్యం మన జిల్లాల్లో మొదటినుంచీ ఉంది. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా అనే కత్తిసాము, కర్రసాము విద్య వాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని, మనిషి ఒంటి మీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో నరుకుతారు. ఆ మనిషి లేచి నడిచి వెళ్లిపోతాడు. ఇంత చేసీ ఒక్కరికీ సర్టిఫికెట్ ఇవ్వరు. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారే నయం. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోగల మనిషయ్యుండీ మద్రాసు సైదాపేట వెళ్లి ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టారయ్యారు. అయితే ఆయన కూడా ఫలానా మహర్షి వారసుణ్ణని ఎక్కడా చెప్పుకోకపోవడం లోటే.

మావాడు సెల్లారులోనే చేరాడు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే యూనిఫాం ఉచితం. నడుము దగ్గర రెండు అంగుళాలు వదులు చేయమని టైలర్‌కు ఇచ్చాడు కూడా. క్లాసులు ఎప్పటినుంచని నిన్న ఫోన్ చేసి అడిగాను.

“ఆషాఢం వెళ్లనీ బావా. ఈలోగా గ్రీకులకి కుస్తీ నేర్పింది మనవాళ్లేమోనని చూస్తున్నా.”