మహారాజశ్రీ టీకా కార్డు గారికి

మహారాజశ్రీ టీకా కార్డు గారికి, కందుకూరు దగ్గర పల్లె నుంచి ఒక తల్లి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డు పక్కన క్షేమంగానే ఉన్నారు. నిన్న పోయింది నా పరువే.

పిల్లాడికి ఐదేళ్ల సూది వేయిద్దామని బుధవారం కదా అని తీసుకుపోయాను. కొత్తగా వచ్చిన నర్సమ్మ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అడిగింది: "చదువుకున్నట్టుండావు. బిడ్డకి టయానికి సూదులు ఏయించలేక పోయినావా?" నేను నోరు తెరిచేలోపు మీరే సాక్ష్యం చెప్పేశారు. మూడో పెంటావాలెంట్, అదే పధ్నాలుగు వారాలకు వేసే ఐదు జబ్బుల సూది, పదకొండు వారాలు ఆలస్యం. తట్టు టీకా నాలుగు నెలలు ఆలస్యం. ఏడాదిన్నర గడి ఖాళీ.

అయ్యా, మీలో రాసిన తేదీ మీరెప్పుడైనా చదువుకున్నారా? పధ్నాలుగు వారాల సూదికి 2020 మార్చి 25. ఆ రోజు ఉగాది. లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ఇంత దివ్యమైన ముహూర్తం పంచాంగంలో వెతికినా దొరకదు. రాష్ట్రంలో తొలి కేసు అప్పటికే పక్కనున్న నెల్లూరులో బయటపడింది. శనివారం బిడ్డను ఒళ్లో పెట్టుకుని బండి మీద పోతే, దారిలో పోలీసులకు రెండుసార్లు మిమ్మల్నే చూపించాల్సి వచ్చింది. తీరా పోతే సెంటరుకు తాళం. నర్సమ్మ, ఆశమ్మ ఇద్దరూ ఫారిన్ నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ పోయారట.

తట్టు టీకాకు తొమ్మిది నెలలు నిండేసరికి సెప్టెంబరు. ఆ నెల మొదట్లో రాష్ట్రంలో రోజుకు పదివేలకు పైగా కేసులు. "కలిపిన సీసా నాలుగు గంటల్లో వాడేయాలమ్మా, ఒక్క బిడ్డ కోసం ఎట్ట తెరిచేది? ఇంకో నలుగురిని రానీ" అన్నారు. భయంతో ఎవరూ రాలేదు. మళ్లీ వారం పోయినా అదే కథ. తర్వాత ఆ నర్సమ్మకే కరోనా వచ్చింది. ఇక ఏడాదిన్నర సూది సెకండ్ వేవ్‌లో పడింది. కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం వేలమంది తోసుకుంటున్న ఆ మే నెలలోనే, మా ఊళ్లో నలుగురు పసిబిడ్డలు ఒకచోట చేరితే ప్రమాదమన్నారు. చివరికి టౌన్లో ప్రైవేటు డాక్టరు దగ్గర డబ్బు పోసి వేయించాను. ఆయన చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ నిన్న చెల్లలేదు.

(పైగా మీ మీద ప్రకాశం జిల్లా అని ఉంది. 2022లో మమ్మల్ని నెల్లూరులో కలిపారు. "పాత రిజిస్టరు ఈడ లేదు" అన్నారు. జిల్లా మారితే బిడ్డ ఒంట్లో పడిన మందు కూడా బదిలీ అయిపోతుంది కాబోలు.)

ఇంక మర్యాద నా వల్ల కాదు. నీలో ప్రతి సూదికీ గడి ఉంది. బరువుకు గీతలున్నాయి. విటమిన్ ఎ చుక్కలకు వేరే గడులున్నాయి. "వాళ్లు వచ్చారు, మేమే వేయలేదు" అని రాయడానికి ఒక్క గడి లేదే! గడి ఖాళీగా ఉంటే తప్పు తల్లిది, అంతేనా? 2021లో ప్రపంచం మొత్తం మీద రెండున్నర కోట్ల మంది పిల్లలకు మామూలు టీకాలు తప్పాయని డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ లెక్క తేల్చాయి. ముప్పై ఏళ్లలో అంత పడిపోయింది లేదట. ఆ తల్లులందరికీ ఒకే ఏడాది బద్ధకం పట్టుకుందా? 2022 చివర్లో ముంబైలో తట్టు రేగి పిల్లలు పోయారని టీవీలో చూసిన రాత్రి, నేను లేచి బీరువాలో వెతికింది నిన్ను కాదు, ఆ చెల్లని చీటీని.

అయినా 2020 జూన్ 10 గడి చూస్తే నిన్ను చించబుద్ధి కాదు. అక్కడ సిరా అలుక్కుపోయి ఉంది. శానిటైజర్ తడి ఆరని చేత్తో పాత నర్సమ్మ రాసింది. మాస్కు కింద చెమట, భుజాన ఐసు డబ్బా, వేపచెట్టు కింద ఒక్కొక్క బిడ్డనే పిలిచి వేసింది. "ఆలీసమైనా పర్లేదమ్మే, మళ్లీ మొదట్నించి అక్కర్లా, ఆగిన కాడ్నించే ఏస్తాం" అంది. ఆ మాటకూ నీలో చోటు లేదు.

నిన్న సూది పడింది. వాడు ఏడవలేదు. ఇంటికొచ్చాక నీ వెనక అట్ట మీద స్కేలు పెట్టి ఒక గడి గీశాను. పైన "వచ్చాం, వేయలేదు" అని రాసి, కింద నాలుగు తేదీలు వేశాను. పదేళ్ల సూదికి 2029 డిసెంబరులో మళ్లీ పోవాలి. కాస్త చోటు మిగిల్చాను.

ఇట్లు,
నీ లెక్కలో బద్ధకస్తురాలు